ముసురులో పొత్తిగుడ్డలు

ఇవాళంతా గుడ్డలు ఆరబెట్టడంతోనే సరిపోయింది. హాల్లో ఫ్యాను కింద అడ్డంగా ఒక తాడు, వరండాలో మావయ్యగారు కట్టిచ్చిన ఇంకో తాడు, వంటింట్లో కుర్చీ వీపు మీద నాలుగు ముక్కలు. ఎటు తిరిగినా చంటాడి గుడ్డలే తలకి తగులుతున్నాయి. శ్రావణం వచ్చాక మా మలికిపురం వైపు ఎండ సరిగ్గా కాసింది లేదు. ఇక్కడ ముసురు పట్టిందంటే గాలి కూడా తడిగానే ఉంటుంది. అప్పడాలు మెత్తబడతాయి, అగ్గిపుల్ల వెలగదు, తలుపులు ఉబ్బిపోయి గడియ పడదు. పెద్దవాళ్లకి అదంతా చిరాకు, అంతవరకే. ఏడాదిన్నర పిల్లాడి ఒంటికి మాత్రం అదే పెద్ద గొడవ.

వాడికి మళ్లీ ఒరిసింది, డైపరు కింద చర్మమంతా ఎర్రగా కందింది. పొద్దున్న డైపరు విప్పి నీళ్లు తగిలించానో లేదో, కాళ్లు దగ్గరికి లాక్కుని ఇల్లెగిరిపోయేలా ఏడుపు. రాత్రి కరెంటు పోయింది, ఉక్కపోత, తెల్లారుజామున వాడికి పల్చగా విరేచనం అయినట్టుంది. నిద్రలోనే అయిపోయింది కాబట్టి ఏడవలేదు, మాకు తెలియలేదు. అది చాలు.

అత్తయ్యగారు పరిగెత్తుకొచ్చి, "వేడి చేసిందమ్మాయ్, సగ్గుబియ్యం జావ పొయ్యి" అన్నారు. జావ పోస్తే మంచిదే, పోశాను కూడా. కానీ నేను ముందు చేసిన పని వాణ్ని మంచం మీద పడుకోబెట్టి, సెల్‌ఫోను లైటు వేసి, ఎరుపు ఎక్కడెక్కడ ఉందో చూడ్డం. పోయిన నెల రాజోలులో పిల్లల డాక్టరుగారు నేర్పిన పని అది. అప్పటినుంచీ నాకు ఇదొక పిచ్చి పట్టుకుంది. మా ఆయన ఫోన్లో "డిటెక్టివ్‌గారూ" అని ఏడిపిస్తారు.

డాక్టరుగారు చెప్పింది ఇదీ. డైపరు కింద వచ్చే ఎరుపు అంతా ఒకటి కాదు. తడీ రాపిడీ వల్ల వచ్చేది డైపరు బాగా ఆనుకునే చోట వస్తుంది. అంటే పిర్రల ఎత్తు మీద, తొడల లోపలివైపు, పొత్తికడుపు కింద. గజ్జల మడత విప్పి చూస్తే లోపల చర్మం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడికి డైపరు తగలదు. ఈస్టు అనే బూజు జాతి క్రిమి వల్ల వచ్చేది ఇంకో రకం. అది మడతల్లోకే దిగుతుంది. ముదురు ఎరుపు, అంచు స్పష్టంగా ఉంటుంది, ఆ అంచు దాటి అక్కడక్కడా చిన్న చిన్న ఎర్ర చుక్కలు. మూడో రకం మలద్వారం చుట్టూ గుండ్రంగా ఎర్రబడేది. దొడ్డికి వెళ్లేటప్పుడు పిల్లాడు నొప్పితో ముక్కుతూ ఏడిస్తే అది బాక్టీరియా కావచ్చు, దానికి పైపూత చాలదు, మందు తాగించాల్సిందే అన్నారు.

పోయిన నెల మావాడికి వచ్చింది రెండోది. చెవినొప్పికి యాంటీబయాటిక్ వాడాం, కోర్సు అయిపోయిన కొద్దిరోజులకే మొదలైంది. డాక్టరుగారు వాణ్ని చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా అమ్మా?" అని. తరవాత నోరు తెరిపించి నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత ఉందేమో చూశారు. అడుగున జబ్బయితే నోట్లో చూస్తారేంటని అత్తయ్యగారు నా వైపు చూశారు. ఈస్టు మామూలుగానే పేగుల్లో ఉంటుందట, యాంటీబయాటిక్ పడి దాన్ని అదుపులో ఉంచే మంచి బాక్టీరియా కూడా చచ్చిపోతే ఇది పెరుగుతుందట. పైన నోట్లోనూ కనిపిస్తుంది, కింద డైపరు తడిలోనూ పండగ చేసుకుంటుంది. దానికి క్లోట్రిమజోల్ క్రీము రాసిచ్చారు. ఎరుపు పోయింది కదా అని వెంటనే ఆపొద్దు, నేను చెప్పినన్నాళ్లూ రాయండి అని మరీ మరీ చెప్పారు.

ఇవాళ లైటు వేసి చూస్తే మడతలు శుభ్రంగా ఉన్నాయి. చుక్కలు లేవు. పిర్రల మీద, ఎలాస్టిక్ ఆనే చోట మాత్రమే కందిపోయింది. మొదటి రకం. ప్రాణం కాస్త కుదుటపడింది.

ఈ మొదటి రకం ఎలా వస్తుందో విన్నాక నాకు ఉచ్చ తడి మీద ఉన్న కోపం సగం తగ్గింది. ఉచ్చ ఒక్కటే అంత పని చెయ్యదట. దానికి విరేచనం కలిసినప్పుడు, విరేచనంలోని బాక్టీరియా ఉచ్చలో ఉన్న యూరియాని అమ్మోనియాగా మారుస్తాయి. దాంతో చర్మం మీద ఉండే కొద్దిపాటి పులుపు గుణం పోతుంది. అప్పుడు విరేచనంలో ఉండే, తిండిని అరిగించే ఎంజైములకి ఊపొస్తుంది, అవి నానిపోయిన చర్మాన్నే అరిగించడం మొదలుపెడతాయి. నీళ్ల విరేచనాల్లో ఇవి ఇంకా ఎక్కువ. అందుకే ఒట్టి ఉచ్చతో తడిసిన డైపరు కన్నా విరేచనంతో ఉన్న డైపరు ఎక్కువ పాడు చేస్తుంది. పళ్లొచ్చేటప్పుడు విరేచనాలవుతాయని అందరూ అంటారు, అది పళ్ల వల్లో, నోట్లో పెట్టుకునే చెప్పుల వల్లో, అయినప్పుడల్లా మావాడికి ఒరుస్తుంది.

ఇక వైద్యం అంటారా, గోరువెచ్చటి నీళ్లతో కడగడం, మెత్తటి గుడ్డతో అద్దడం, గాలికి వదిలెయ్యడం, ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము దట్టంగా పట్టించడం. అద్దాలి, తుడవకూడదు. అత్తయ్యగారికి అది ఇంకా అలవాటు కాలేదు, గావంచాతో కంచం తుడిచినట్టు తుడిచేస్తారు పాపం. ఇంకోటేంటంటే ఆ జింకు పూతని ప్రతిసారీ గీకి గీకి కడగక్కర్లేదు. మురికైన పైపొర తీసేసి, మిగిలినదాని మీదే మళ్లీ రాసెయ్యొచ్చు. పూత మొత్తం పోవాలని రుద్దితే దాని కింద కొత్తగా వస్తున్న చర్మం కూడా పోతుంది. సువాసనల వైప్స్ పక్కన పెట్టేశాం. పౌడరు డబ్బా బీరువా పైకి ఎక్కింది, ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరుగారు గట్టిగానే అన్నారు. సున్నిపిండి నలుగు కూడా ఒరిసినన్నాళ్లూ నడుం కిందికి బంద్.

పసుపు దగ్గర మాత్రం అత్తయ్యగారికీ నాకూ చిన్న వాదన అయింది. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాద్దామన్నారు. ఒట్టి కొబ్బరినూనె అయితే నాకేం అభ్యంతరం లేదు, కోనసీమలో పుట్టి కొబ్బరినూనె వద్దంటే ఊళ్లో ఉండనిస్తారా? కానీ పసుపు రాస్తే ఎరుపు తగ్గిందో పెరిగిందో ఎలా తెలుస్తుంది? అంతా పచ్చగానే ఉంటుంది. ఆ మాట అంటే ఆవిడ కాసేపు ఆలోచించి, "అదీ నిజమే" అని గిన్నె లోపల పెట్టేశారు.

"మా రోజుల్లో ఈ డైపర్లెక్కడివి, ఈ జబ్బులెక్కడివి" అని మొదలుపెడతారు కానీ, చిన్న మరిదికి ఎండాకాలమంతా ఒరిసి ఉండేదని, కొబ్బరాకు చాప మీద గుడ్డ పరిచి మొలతాడుతో వదిలేసేవాళ్లమని ఆవిడే ఇంకోరోజు చెప్పారు. డైపరు శత్రువేం కాదు. ఇప్పుడొచ్చేవి తడిని లోపలికి లాగేసుకుంటాయి. పొత్తిగుడ్డ అయితే తడి చర్మానికే అంటిపెట్టుకుని ఉంటుంది. గుడ్డతో ఉన్న గొప్ప ఒక్కటే, తడిసిన వెంటనే మనకి తెలుస్తుంది, మార్చి తీరాలి. డైపరు పొడిగా కనిపిస్తూనే మనల్ని మోసం చేస్తుంది. కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు పగలు గుడ్డ, లేదా ఏమీ లేకుండా. రాత్రి డైపరు, మధ్యలో ఒకసారి లేచి చూసుకోవాలి.

ఈ పగటి గుడ్డల వల్లే నాకీ తాళ్ల గోల. మావయ్యగారి పాత పంచెలు చింపి ముక్కలు చేశాం. మా బోరు నీళ్లు ఉప్పన, సముద్రం దగ్గర కదా. సబ్బు నురగ రాదు, రాకపోతే ఇంకాస్త సబ్బు వేస్తాం, ఆ సబ్బేమో ఎన్ని జాడింపులు జాడించినా వదలదు. ఆరాక గుడ్డ అట్టలా బిరుసెక్కిపోతుంది. తాగడానికి కొనుక్కునే టిన్ను నీళ్లతో గుడ్డలు ఉతకలేం కదా. అందుకని ఈ వానాకాలం డాబా గొట్టం కింద పెద్ద టబ్బు పెట్టాను. ఆఖరి జాడింపు వాన నీళ్లతో. ఎంత తేడానో! పంచె ముక్క మళ్లీ పంచె ముక్కలా మెత్తగా అయింది. ఆరడం ఒక్కటే సమస్య. ఫ్యాను కింద సగం ఆరాక ఇస్త్రీ పెట్టె తెస్తాను, కరెంటు ఉంటే. సాంబ్రాణి బుట్ట మీద వేద్దామని అత్తయ్యగారు అంటారు, వాసన నాకూ ఇష్టమే, కానీ జలుబు మనిషి వీడు, పొగ వద్దన్నాను.

కొబ్బరికాయల దింపు వాయిదా పడింది కాబట్టి మావయ్యగారు ఇంట్లోనే ఉన్నారు. మధ్యాహ్నమంతా వాడు మొల మీద ఏమీ లేకుండా వరండాలో ఆయన వెనకాల పాకుతూ, లేచి నడుస్తూ, రెండుసార్లు ఆయన చాప మీదే పోసేశాడు. ఆయన ఏమీ అనలేదు, చాప తిప్పి వేసుకున్నారు. అమ్మ కూడా వచ్చి నాలుగు రోజులు ఉంటానంది కానీ, వాళ్లది గోదావరి మధ్యనుండే లంక ఊరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెప్పారు. ఇంకొంచెం పెరిగితే కాజ్‌వే మునుగుతుంది, ఆ తర్వాత పడవే గతి. నువ్వు రావద్దులే అన్నాను. ఫోన్లోనే చెప్పవలసినవన్నీ చెప్పింది, జావ దగ్గర్నుంచి దిష్టి దాకా. దిష్టి అత్తయ్యగారు అప్పటికే తీసేశారు.

మూడింటప్పుడు పక్కింటి పిన్నిగారు వచ్చి వీణ్ని చూసి, గబగబా ఇంటికెళ్లి ఒక ట్యూబు తెచ్చారు. వాళ్ల మనవడికి మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారట. "రెండు పూటలు రాస్తే చాలు, మంత్రం వేసినట్టు పోతుంది. మళ్లీ వస్తే మళ్లీ రాస్తాం" అన్నారు. ఆ చివరి మాట నాకు నచ్చలేదు. డబ్బా తిప్పి సన్నక్షరాలు చదివాను. బూజుకొకటి, బాక్టీరియాకొకటి, వాటితోపాటు క్లోబెటాసోల్. అది బలమైన స్టెరాయిడ్. పక్కన డాక్టరు చీటీ మందులకి వేసే ఎర్ర గీత కూడా ఉంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం రూలు పెట్టింది, అయినా అడిగితే ఇచ్చేసే షాపులు ఉన్నాయి. స్టెరాయిడ్ ఎరుపునీ మంటనీ చప్పున తగ్గిస్తుంది, అందుకే మంత్రంలా ఉంటుంది. అడుగున ఈస్టు ఉంటే అది మాత్రం స్టెరాయిడ్ చాటున ఇంకాస్త పెరుగుతుంది. పైగా డైపరు బిగించిన చోట మందు మామూలుకన్నా ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుంది, పసివాళ్ల చర్మం ఉల్లిపొరలా పల్చబడిపోతుంది. ఇదంతా ఆవిడ మొహం మీద ఎలా చెప్పను? ప్రేమతో తెచ్చారు. "మావాడిది ఆ రకం కాదులెండి పిన్నిగారూ, జింకు చాలంట" అని ట్యూబు తిరిగిచ్చి, వాళ్ల బాబుకి మడతల్లో ఉందా, పైపైన ఉందా అని అడిగాను. చూడలేదమ్మా, ఎరుపంటే ఎరుపే కదా అన్నారు. లైటు వేసి చూడమన్నాను.

సాయంత్రానికి మావాడి ఎరుపు కాస్త వెలిసింది. పూర్తిగా పోవడానికి ఇంకా టైం పడుతుంది. జ్వరం వచ్చినా, నీటి పొక్కులు లేచినా, చీము పట్టినా, రెండు మూడు రోజుల్లో ఏ మార్పూ లేకపోయినా ఇంట్లో కూర్చోకుండా తీసుకురమ్మన్నారు డాక్టరుగారు. వరద సంగతి చూసుకుని ఎల్లుండి వరకూ ఆగుతాను.

కువైట్ నుంచి మా ఆయన ఫోను వచ్చేసరికి మాకు రాత్రి తొమ్మిది దాటింది, ఆయనకింకా ఆరున్నర. డ్యూటీ దిగి ఇంకా బట్టలు మార్చుకోలేదు. "చూపించు" అంటే, వాడు ఇప్పుడే పడుకున్నాడు, పైగా ఏం చూపించమంటారండీ వీడియోలో, మీ రూములో అందరూ ఉంటే అన్నాను. నవ్వారు. ఈసారి వచ్చేవాళ్లతో డైపర్లు పంపనా అని అడిగారు. డైపర్లు మలికిపురంలోనూ దొరుకుతాయి, వీలైతే బట్టలారబెట్టే మిషనొకటి పంపండి అన్నాను. ధర చూసి చెప్తానన్నారు, నిజంగానే చూస్తారేమో.

ఆ ఫోను పెట్టానో లేదో పిన్నిగారి ఫోను. "మడతల్లోనేనే అమ్మాయ్. చుట్టూ చుక్కలు కూడా ఉన్నాయి, నువ్వన్నట్టే" అన్నారు, గొంతులో టెన్షన్. కంగారు పడకండి, ఆ ట్యూబు ఆపి, డబ్బాతో సహా పట్టుకెళ్లి డాక్టరుగారికి చూపించండి, ఎన్నాళ్లుగా రాస్తున్నారో కూడా చెప్పండి అన్నాను. పొద్దున్న ఎనిమిదింటికి మావయ్యగారి బండి మీద పంపిస్తానని చెప్పాను. మావయ్యగారికి ఇంకా చెప్పలేదు.