డిస్కస్ ఎబౌట్ అని నా కొంప ముంచిన ఇంగ్లీష్ (సీజీఎల్ ప్రిపరేషన్)

ఫ్రెండ్స్, నాది చిత్తూరు పక్కన పల్లె, టెన్త్ దాకా తెలుగు మీడియమే, ఇప్పుడు తిరుపతి బాలాజీ కాలనీలో రూమ్ తీసుకుని సీజీఎల్‌కి (సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాలకి ఎస్ఎస్‌సీ పెట్టే పరీక్ష) చదువుతున్నా. మ్యాథ్స్, రీజనింగ్ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నేను ఎర్రర్ స్పాటింగ్, అంటే ఇంగ్లీష్ వాక్యంలో తప్పు పట్టుకోవడం, అదొక్కటే చెప్తా.

ఫస్ట్ మాక్ టెస్ట్‌లో ఇంగ్లీష్ 25 క్వశ్చన్లకి 22 పెట్టేసి బ్రహ్మాండంగా రాశాననుకుని టీ తాగొచ్చా, తీరా చూస్తే 9 రైటు, 13 తప్పు, తప్పుకి అర మార్కు కోత పోగా 50కి 11.5 మిగిలింది. రూల్స్ రాక పోలేదబ్బా, చదివితే చెవికి ఇంపుగా ఉంది, అందుకే నో ఎర్రర్ కొట్టేశా. 'వుయ్ డిస్కస్డ్ ఎబౌట్ ద మ్యాటర్', ఇందులో ఏం తప్పుందో అరగంట చూసినా నాకు కనబడలే! డిస్కస్ తర్వాత ఎబౌట్ రాదంట.

తర్వాత తెలిసిందేందంటే మనం తెలుగులో అనుకుని దానికి ఇంగ్లీష్ చొక్కా తొడుగుతున్నాం. 'దాని గురించి' మాట్లాడతాం కాబట్టి ఎబౌట్. నా 'కంటే' సీనియర్ కాబట్టి సీనియర్ దాన్, అక్కడ టు రావాలి, జూనియర్‌కీ సుపీరియర్‌కీ అంతే. 'వెనక్కి' తిరిగొచ్చాడు కాబట్టి రిటర్న్ బ్యాక్, రిటర్న్‌లోనే బ్యాక్ ఉంది కదా మళ్ళీ ఎందుకు. అన్నిట్లోకీ నాకు ఒళ్ళు మండేది వై బికాజ్, అచ్చం మన 'ఎందుకంటే'ని రెండు ముక్కలు చేసి పెట్టినట్టుంటుంది, ఒకసారి గమనించినాక ఇంక క్లాసులో పాఠం ఎక్కదు, సార్ ఎన్నిసార్లు అన్నాడో లెక్కబెట్టుకుంటా కూర్చుంటాం.

అప్పట్నుంచి జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నా. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో 'కీప్ యువర్ లగేజెస్ హియర్', రాసుకున్నా, లగేజ్‌కి ఎస్ లేదు, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ కూడా అంతే. మా మెస్ గోడ మీద 'బిట్వీన్ 7 టు 9', బిట్వీన్ ఉంటే అండ్, ఫ్రమ్ ఉంటే టు. చిత్తూరు బస్సులో పక్కాయన ఫోన్లో 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అన్నాడు, ఫ్రెండ్స్ అనాలి. రోజుకి నాలుగైదు దొరికేవి, గ్రామర్ బుక్కులో చదివింది రెండ్రోజులకి మర్చిపోయేవాణ్ణి గానీ ఆ లాడ్జి బోర్డు మాత్రం మర్చిపోలే.

ఒక జబ్బు కూడా అంటుకుంది, ఎవరు ఏం మాట్లాడినా దిద్దడం. పండక్కి ఊరికెళ్తే మా మామ 'హి ఈజ్ మై కజిన్ బ్రదర్' అని ఎవరికో పరిచయం చేస్తుంటే మధ్యలో దూరి కజిన్ చాలు మామా అన్నా. అమ్మ లోపలికి పిలిచి వాయించింది, పెదనాన్న కొడుకా అత్త కొడుకా తెలియని మాట ఏం మాటరా అది అని. నిజంగా జవాబు లేదు నా దగ్గర.

ప్రీపోన్ (అనుకున్న టైం కంటే ముందుకి జరపడం) కూడా తప్పని రాసుకున్నా, తర్వాత చూస్తే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనే ఉంది, కొట్టేశా. కాబట్టి విన్నదల్లా తప్పని పెట్టేయొద్దు, డౌట్ వస్తే డిక్షనరీ తీయండి.

మొన్న మాక్‌లో 38 వచ్చాయి. ఇంక టైర్-2 (రెండో దశ పరీక్ష) ఉంది, ఇంగ్లీష్‌లో 45 క్వశ్చన్లు, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకి 1 కోత, అంటే అక్కడ ఒక్క ఎబౌట్‌కి నాలుగు మార్కులు తేడా.