వెళ్ళిపోయే పిట్టల లెక్క: మార్చి నుంచి మే దాకా మా చెరువు నడకలు

హైదరాబాద్ చుట్టుపక్కల పిట్టల్ని చూసేవాళ్ళలో చాలామందికి సీజన్ ఫిబ్రవరితోనే అయిపోతుంది. చలికాలం మొదట్లో సూదితోక బాతు చెరువులో దిగిందంటే ఆ రోజే అందరికీ తెలుస్తుంది, ఫోటోలు తిరుగుతాయి. అదే బాతు ఎప్పుడు వెళ్ళిపోయిందని అడగండి, ఒక్కరూ చెప్పలేరు. వచ్చిన పిట్ట కళ్ళబడుతుంది. వెళ్ళిన పిట్టకి కనబడకపోవడమే గుర్తు. ‘కనబడలేదు’ అని ధైర్యంగా రాయాలంటే అదే దారిలో, అదే వేళకి, సరిగ్గా వెతికి ఉండాలి. మార్చి మొదటి వారం నుంచి మే సగం దాకా నేను గుంపుతో నడిచే పద్ధతంతా ఆ ఒక్క మాట కోసమే.

ముందుగా ఒక హెచ్చరిక. వసంత వలస గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా అమెరికావి. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళకి అవి సరిగ్గా పనికొస్తాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో రాత్రంతా దక్షిణపు గాలి వీస్తే తెల్లారి పార్కుకి వెళ్ళమంటారు, వెళ్తే చెట్ల మీద వార్బ్లర్లనే చిన్న పిట్టలు ఉంటాయి. రాత్రి ఎన్ని పక్షులు ఎగరబోతున్నాయో వాతావరణ రాడార్ల ఆధారంగా అంచనా చెప్పే బర్డ్‌కాస్ట్ కూడా వాళ్ళకుంది. అక్కడికి పిట్టలు గూళ్ళు కట్టుకోవడానికి వస్తాయి. మన దగ్గర ఆ నెలల్లో చెరువు ఖాళీ అవుతుంది. చలికాలం ఇక్కడ గడిపినవి మధ్య ఆసియాకి, సైబీరియాకి, మంగోలియాకి, టిబెట్ పీఠభూమికి తిరిగి వెళ్తుంటాయి. కాబట్టి ఒక్క ‘మంచి రోజు’ కోసం ఎదురుచూడడం ఇక్కడ అనవసరం. వారం తప్పకుండా వెళ్ళడమే ముఖ్యం.

చెరువు ఎంపిక దగ్గరే సగం పని అయిపోతుంది. పేరున్న చెరువే కావాలని లేదు. అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, వెళ్ళదగినదే. కానీ వారం వారం వెళ్ళాలంటే ఇంటికి దగ్గరున్న చెరువే నిలుస్తుంది. చూడాల్సింది నీటి మట్టం. మార్చికల్లా నీరు వెనక్కి తగ్గి, శిఖంలో (చెరువు లోపలి నేలలో) తడి బురద అంచు బయటపడితేనే ఉల్లంకులు, శాండ్‌పైపర్లు, స్టింట్ల వంటి బురదలో మేసే పిట్టలు దిగుతాయి. మురుగునీరు ఏడాది పొడవునా వచ్చిపడే చెరువులో మట్టం తగ్గదు, బురద బయటపడదు, గుర్రపుడెక్క కప్పేస్తుంది. అలాంటి చోట నీటికోళ్ళు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. కట్ట, తూము దగ్గర జమ్ము, వెనక సర్కారు తుమ్మ పొదలు, ఒక పక్క వేపో మామిడో ఉన్న తోట, ఇవన్నీ ఒకటిన్నర కిలోమీటరులో కలిసే దారి దొరికితే ఇక మార్చకండి. దారి మారిందంటే పోయిన వారం లెక్కతో పోల్చడం కుదరదు.

పొద్దున నడక కాబట్టి ఎండ వీపు మీద పడాలి. అంటే చెరువుకి తూర్పు ఒడ్డున నిలబడి పడమటికి చూడాలి. కట్ట పడమట ఉంటే సూర్యుడికి ఎదురుగా చూడాల్సి వస్తుంది, బాతులన్నీ నల్లటి నీడలే. అలాంటప్పుడు ముందు తోట, పొదలు ముగించి, చుట్టూ తిరిగి చెరువు దగ్గరికి రావడం మేలు. కానీ మరీ ఆలస్యం చేయకూడదు. ఏప్రిల్‌లో ఎనిమిదిన్నర దాటితే నీటి మీద వేడిగాలి ఆడుతుంది, స్కోపులో (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణిలో) దూరపు పిట్ట కరిగిపోయినట్టు కనిపిస్తుంది. జూమ్ పెంచినకొద్దీ ఇంకా చెడుతుంది. స్కోపుని ఇరవై రెట్ల దగ్గరే ఉంచి దగ్గరి అంచు చూసుకోవడం తప్ప మార్గం లేదు.

సూర్యోదయం మార్చి మొదట్లో సుమారు 6:35కి, మే మొదట్లో 5:50కి. గడియారాన్ని కాకుండా సూర్యోదయాన్ని పట్టుకుని, పొద్దు పొడిచిన పావుగంటకి మొదలుపెడతాం. ‘అదే వేళ’ అంటే మా లెక్కలో అదే. రెండు గంటలు, అంతే. మనిషికి లీటరున్నర నీళ్ళు, టోపీ, మట్టిరంగు లేదా ఆకుపచ్చ బట్టలు. తెల్లచొక్కా వద్దని చెప్పినా ఎవరో ఒకరు వేసుకొస్తారు, వాళ్ళని వరస వెనక నడిపిస్తాం.

గుంపులో పన్నెండు మందికి మించనివ్వను. కట్ట మీద ఒకరి వెనక ఒకరు నడవాలి కదా, పదమూడో మనిషి దగ్గరికి మాట చేరేసరికి పిట్ట లేచిపోతుంది. ముందొకరు, చివరొకరు, రాసేవారు ఒకరు. రాసేవారి చేతిలో కెమెరా ఉండకూడదు. ఇది కఠినంగా అనిపించవచ్చు గానీ, ఫోటో తీస్తూ లెక్క రాసేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. పన్నెండు మంది ఆదివారం రాగలిగితే, వాళ్ళని ఆరుగురు ఆరుగురుగా విడదీసి ఆదివారం ఒక జట్టు, బుధవారం ఇంకో జట్టు వెళ్ళడం ఇంకా మంచిది. ఏప్రిల్ 9న చూసిన పిట్ట 16న లేకపోతే, మధ్యలో ఏ రోజైనా వెళ్ళి ఉండవచ్చు. వారంలో రెండుసార్లు చూస్తే ఆ సందు మూడు నాలుగు రోజులకి తగ్గుతుంది.

కొత్తవాళ్ళకి బైనాక్యులర్ సరిచేయడానికి మొదటి ఐదు నిమిషాలు కేటాయించాలి. 8×42 (ఎనిమిది రెట్లు చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది) చాలు. పదిరెట్లది చెయ్యి వణుకుని కూడా పదిరెట్లు చూపిస్తుంది. ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు చూస్తూ మధ్య చక్రం తిప్పాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న చిన్న చక్రాన్ని మాత్రమే తిప్పాలి. కళ్ళద్దాలు ఉంటే కంటి గిన్నెలు కిందికి దించాలి. ఇది చేయకపోతే రెండు గంటల తర్వాత తలనొప్పి వస్తుంది, ఆ మనిషి మళ్ళీ రారు. ‘అదిగో అక్కడ’ అని వేలు చూపడం మా నడకలో నిషేధం. చెయ్యి లేపితే పిట్ట లేస్తుంది, పక్కవాళ్ళకీ అర్థం కాదు. ‘విరిగిన తుమ్మకొమ్మ, దానికి ఎడమ, నీటి అంచున రెండో రాయి’ అని చెప్పాలి.

చెరువు దగ్గర మొదటి పని బాతుల లెక్క. చేపలు పట్టేవాళ్ళు తెప్ప దించితే బాతులు అవతలి ఒడ్డుకి జరుగుతాయి, కొన్ని లేచి చెరువే వదిలేస్తాయి. అందుకే ముందే పలకరిస్తాం: ‘అన్నా, వల ఎప్పుడు తీస్తరు?’ వాళ్ళు చెప్పిన టైముకి ముందే లెక్క పూర్తిచేస్తాం. ఏ మూల ఏ బాతు కూర్చుంటుందో కూడా వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. పెద్ద గుంపులో పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టిందో కంటికి గుర్తుపెట్టుకుని, అదే కొలతతో గుంపంతా కొలవాలి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోవాలి. ముందే ఒకరు ‘రెండొందలు’ అనేస్తే రెండో మనిషికీ రెండొందలే వస్తాయి.

మామూలుగా సూదితోక బాతులు ముందు పలచబడతాయి, గార్గనీలు, చెంచామూతి బాతులు ఏప్రిల్‌లో కూడా కొన్ని కనబడతాయి. పట్టెతల బాతుల మెడకి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద అక్షరాలు ఉన్నాయేమో తప్పక చూడండి. మంగోలియాలో పట్టీ వేసినవి దక్షిణ భారతంలో కనబడ్డ సంగతి తెలిసిందే. కోడ్ చదవగలిగే ఫోటో ఉంటే చాలు, ఆ పిట్ట ఎక్కడిదో తెలుస్తుంది.

ఈ నెలల్లో అసలు రుచి పిట్టల బట్టమార్పులో ఉంది. చలికాలమంతా ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అని విసుక్కున్నవాళ్ళు మార్చి చివర రావాలి. సిట్రిన్ జిట్టంగి (వాగ్‌టెయిల్) మగపిట్ట తల నిమ్మపండు పసుపుకి తిరుగుతుంది, మెడ వెనక నల్లపట్టీ తేలుతుంది. ఆడపిట్టల దగ్గర తికమక మామూలే. చెంప చుట్టూ లేతరంగు చుట్టు పూర్తిగా తిరిగి, రెక్క మీద రెండు తెల్లగీతలు స్పష్టంగా ఉంటే సిట్రిన్, లేకపోతే పసుపు జిట్టంగి కావచ్చు. లిటిల్ స్టింట్‌కి వీపు మీద ఇటుకరంగు ఎక్కుతుంది. కాళ్ళు నల్లగా ఉంటే అదే, పసుపుగా ఉండి ఒళ్ళు మట్టిరంగులోనే ఉంటే టెమ్మింక్స్ స్టింట్. నల్లతోక గాడ్విట్ల మెడ ఎర్రబారుతుంది.

గులాబీ గోరింకల సంగతి వేరు. అవి ఈ నెలల్లో కొత్త ఈకలు వేసుకోవు. చలికాలపు ఈకల చివరలు మట్టిరంగులో ఉంటాయి, అవి అరిగిపోయాక కింది గులాబీ బయటపడుతుంది. మోదుగ, బూరుగ పూసినప్పుడు ఆ చెట్ల కింద నిలబడితే చాలు. అవి ఏప్రిల్‌లోనే వెళ్ళిపోతాయి. ఆకాశంలో తిరిగే గుంపుని లెక్కపెట్టబోయి ఓడిపోవద్దు. సాయంత్రం పడక చెట్టుకి వరసలుగా వస్తున్నప్పుడు, ఒక స్తంభాన్ని గీతగా పెట్టుకుని దాన్ని దాటినవాటిని లెక్కించాలి.

తీగల మీద వానకోవెలల వరస చూసి ‘వలస పిట్టలు’ అని మొత్తం ఒకే పేరు కింద రాసేయడం ప్రతి ఏడూ జరిగే తప్పు. గొంతు కింద నల్లపట్టీ ఉంటే వెళ్ళబోయే బార్న్ స్వాలో. కింద అంతా తెల్లగా, తల మీద ఎర్రటోపీ ఉంటే వైర్‌టెయిల్డ్, అది ఇక్కడిదే, ఎక్కడికీ పోదు. జిట్టంగుల్లో తెల్లకనుబొమ దాసరి కూడా ఇక్కడిదే. ఊళ్ళో ఉండేదాన్ని వెళ్ళేవాటితో కలిపితే ఆ పేరుకి చివరి తేదీ ఎప్పటికీ రాదు.

తోటలో పని చెవులది. గ్రీనిష్ వార్బ్లర్ మామిడి కొమ్మల్లో ఉంటుంది, రెండక్షరాల కూత కూస్తుంది. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ పొదల్లో ‘చెక్, చెక్’ అంటుంది. వెళ్ళేముందు గొంతు సవరించుకుంటున్నట్టు లోలోపల పాడడం మొదలుపెడుతుంది, మధ్యలో వేరే పిట్టల కూతలు కలుపుతుంది. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఇక్కడ తడబడడం సహజం. యాప్ చూపించిన పేరు మాకు సూచన మాత్రమే. మనిషి వినో చూసో ఒప్పుకుంటేనే జాబితాలోకి. కూత ప్లే చేసి పిట్టని రప్పించడం అసలే వద్దు. ప్రయాణానికి కొవ్వు పోగుచేసుకుంటున్న పిట్ట మేత మానేసి పోట్లాటకి వస్తుంది.

నీరు తగ్గిన శిఖంలోకి దిగి దగ్గరగా చూద్దామనే కోరిక ఏప్రిల్‌లో అందరికీ పుడుతుంది. దిగకూడదు. తీతువులు, చిన్న ప్లవర్లు, నల్లరెక్కల స్టిల్టులు అప్పుడే నేల మీద గుడ్లు పెడతాయి. గుడ్డు రంగు మట్టిగడ్డ రంగే, కాలి కింద పడేదాకా తెలియదు. తీతువు నెత్తి మీద తిరుగుతూ అరుస్తోందంటే గూడు దగ్గరలో ఉన్నట్టు, వచ్చిన దారినే వెనక్కి రావాలి. నిలబడి ఫోటో తీసినంత సేపూ గుడ్లు ఎండకి మాడతాయి. పైగా పగుళ్ళిచ్చిన బురద పైపైన గట్టిగా కనబడినా మోకాలి దాకా దిగబడుతుంది.

జాబితాని, చూసిన పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్‌లో నడుస్తూనే రాస్తాం. ఇంటికెళ్ళి గుర్తుచేసుకుని రాస్తే కాకులు, గోరింకలు మాయమవుతాయి. చెరువుకి ఒకటి, తోటకి ఒకటి విడిగా పెడతాం. ఒకరు రాసి మిగతావాళ్ళకి షేర్ చేయాలి. పన్నెండు మందీ విడివిడిగా రాస్తే ఒక్క బాతు పన్నెండవుతుంది. ‘గుర్తించగలిగిన పక్షులన్నీ రాశారా’ అన్న ప్రశ్నకి అవునని చెప్పగలిగితేనే ఆ జాబితాలో లేని పిట్టకి విలువ. సంఖ్య వేయాల్సిన చోట ఎక్స్ పెట్టే అలవాటు మానుకోండి. ఎందుకంటే ఆఖరి పిట్ట తేదీ తరచు మోసం చేస్తుంది. రెక్క దెబ్బతిన్న ఒక గార్గనీ మే అంతా ఉండిపోవచ్చు. కాకినాడ, పులికాట్ తీరాల్లో వయసుకి రాని ఉల్లంకి జాతి పిట్టలు కొన్ని వేసవంతా వెళ్ళవు. గుంపు సగానికి పడిపోయిన వారం ఏదో తెలిస్తే వలస కదిలిందని అర్థం, అది సంఖ్యలు ఉంటేనే తెలుస్తుంది. ఒంటరిగా మిగిలినదాని పక్కన ‘ఎగరలేకపోతోంది’ వంటి ఒక్క మాట రాయండి.

మొదటిసారి వచ్చేవాళ్ళు సొంతంగా నడక మొదలుపెట్టేముందు డెక్కన్ బర్డర్స్ వంటి పాత సంఘంతో కొన్నాళ్ళు తిరగడం మంచిది. ఉమ్మడి రాష్ట్రంలో 1980లో మొదలైన సంఘం అది.

ఏప్రిల్ చివరికి చెరువు బోసిపోతుంది, చాలామంది రావడం మానేస్తారు. నేను అప్పుడు నడకని తోట వైపు పొడిగిస్తాను. దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపిన పొన్నంగి పిట్టలు ఉత్తరానికి వెళ్తూ ఆ రోజుల్లో నగరం మీదుగా దాటుతాయి. పెద్దచెట్లున్న క్యాంపస్‌లలో, ఎండుటాకులు ఊడ్చని చోట చూడాలి. ఊడ్చిన తోటలో పురుగులుండవు, పిట్టా దిగదు. తెల్లవారుజామున, పొద్దుగూకేముందు రెండు స్వరాల ఈల వేస్తుంది. ఈల విన్నాక అడుగు వేయకుండా నిలబడి నేల మీద వెతకండి, కొమ్మల మీద కాదు.

పొన్నంగి రాత్రిపూట ప్రయాణించే పిట్ట కాబట్టి అలసి, అద్దాలకి కొట్టుకుని ఇళ్ళలో, మెట్ల దగ్గర పడుతుంటుంది. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో అడుగున గుడ్డ పరిచి, పిట్టని పెట్టి మూతేసి, చల్లటి, చప్పుడు లేని గదిలో ఉంచండి. గంటకోసారి మూత తీసి చూడడం, పిల్లలకి చూపించడం వద్దు. దెబ్బ లేకుండా తేరుకుంటే సాయంత్రం చెట్ల దగ్గర పెట్టె తెరిచి పక్కకి జరగండి. రెక్క వేలాడుతుంటే, రక్తం కనబడితే ఆలస్యం చేయకుండా అటవీశాఖకి ఫోన్ చేయాలి. ఇంట్లో పెంచుకుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దొరికిన తేదీ, చోటు మాత్రం జాబితాలో రాసేవారికి చెప్పండి.