పట్టాలు లేని రైలు దారిలో

ఐర్లండ్ పడమటి అంచున మేయో కౌంటీలో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దీవి దాకా ఒక పాత రైలు దారి ఉంది. ఇప్పుడు దాని మీద పట్టాలు లేవు, నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, నాలాంటి పరుగు పిచ్చివాళ్లు మాత్రమే ఉంటారు. పొడవు సుమారు 42 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు ఒక మారథాన్. ఒక్క రోజులో పరిగెత్తేసేవాళ్లూ ఉన్నారు. నేను మూడు రోజులు తీసుకున్నాను. అవీ చాల్లేదనిపించింది.

డబ్లిన్‌లో ఇంటి పక్క పార్కులో ఆరేళ్లుగా అదే రౌండ్ కొడుతున్నాను. మే నెలలో నాలుగు రోజులు సెలవు దొరకగానే షూ, రెయిన్ జాకెట్, అమ్మ పంపిన నువ్వుల లడ్డూలు సర్దుకుని హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కాను. మూడు గంటల పైచిలుకు ప్రయాణం. షానన్ నది దాటాక పొలాలు చిన్నవైపోతాయి, రాతి గోడలు పెరుగుతాయి.

ఈ లైను 1895లో అకిల్ దాకా తెరుచుకుంది, 1937లో మూతపడింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా ఆ కట్ట మీద గడ్డి, ముళ్లపొదలే. 2010లో న్యూపోర్ట్–మల్రానీ ముక్కను, మరుసటి ఏడాది మిగతాదాన్ని బాటగా తెరిచారు. దారి చాలా చోట్ల రైతుల పొలాల్లోంచే పోతుంది. వాళ్లు భూమి అమ్మలేదు. భూమి మాదే, మీరు వెళ్లండి అని ఒప్పుకున్నారు. అడుగు గట్టు కోసం పోలీస్ స్టేషన్ దాకా వెళ్లిన ఊళ్లో పుట్టినదాన్ని, ఆ సంగతి తెలిశాక ప్రతి గేటూ జాగ్రత్తగా మూసి మరీ ముందుకు కదిలాను.

పరిగెత్తేవాళ్లకు రైలు దారి ఒక వరం. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి ఎక్కడా పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. చాలా వరకు సన్న కంకర వేసి గట్టిగా అణిచిన నేల, మోకాళ్లకు హాయిగా ఉంటుంది. వెస్ట్‌పోర్ట్ నుంచి న్యూపోర్ట్ దాకా మొదటి పదకొండు కిలోమీటర్లు రోడ్డుకు దగ్గరగానే సాగుతుంది, అక్కడక్కడా కార్ల చప్పుడు వినబడుతుంది. అయితే చివర్లో న్యూపోర్ట్ నది మీద ఎర్రరాతి రైలు వంతెన కనబడగానే కాళ్లు వాటంతటవే ఆగాయి. ఏడు కమానులు. నీళ్లు కదలకుండా ఉన్న సాయంత్రం వేళ ఏడూ కింద నదిలో తిరగబడి గుండ్రాలైపోయాయి.

రెండో రోజు, న్యూపోర్ట్ నుంచి మల్రానీ దాకా 18 కిలోమీటర్లు. ఈ దారిలో ఒక్క రోజే ఉండగలిగితే ఈ ముక్కే ఎంచుకోండి. బయల్దేరిన అరగంటకు పచ్చి కొబ్బరి తురిమిన వాసన వచ్చింది. ఈ చలి దేశంలో, ఊరికి దూరంగా, కొబ్బరి ఎక్కడిదని చుట్టూ చూశాను. దారికి రెండు వైపులా పసుప్పచ్చగా విరగబూసిన గోర్స్ పొదలు. దగ్గరికెళ్లి చూస్తే ఆకు కనబడదు, అంతా ముళ్లే. ఆ ముళ్ల మధ్య చిక్కుడు పువ్వు ఆకారంలో చిన్న చిన్న పూలు. ఒకటి తెంపి నలిపి వాసన చూశాను. మా అమ్మ వంటింట్లో ఉన్నట్టే ఉంది.

కాస్త ఎత్తెక్కాక ఎడమ చేతి వైపు క్లూ బే అనే అఖాతం మొత్తం కనబడింది. అందులో రోజుకొకటి చొప్పున 365 దీవులున్నాయని అక్కడివాళ్లు అంటారు. మంచుయుగంలో హిమానీనదాలు వదిలిపోయిన మట్టి దిబ్బలవి, తర్వాత సముద్రం వచ్చి ముంచేసింది. ఎండాకాలం చెరువులో పడుకున్న గేదెల మంద గుర్తొచ్చింది నాకు. వీపులు మాత్రమే పైకి తేలి, అన్నీ ఒకే వైపు తిరిగి. వాటి వెనక క్రో పాట్రిక్ కొండ, 764 మీటర్లు. జూలై చివరి ఆదివారం వేలమంది భక్తులు ఎక్కుతారు, కొందరు ఉత్త కాళ్లతో.

గాలి సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ తీరంలో గాలి ఎక్కువగా పడమటి నుంచి, నైరుతి నుంచి కొడుతుంది. నేను పడమరకే పరిగెత్తుతున్నాను. కిలోమీటరుకు ఒక నిమిషం ఎక్కువ పట్టింది, చెవులు హోరెత్తిపోయాయి. సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు మనల్ని వ్యానులో అకిల్‌లో దింపుతారు, అక్కణ్ణుంచి వెనక్కి వస్తే గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. వీలైతే అలా చెయ్యండి.

మల్రానీకి ముందు ఒక గేటు దగ్గర నీళ్లు తాగుతూ ఆగాను. అవతల ఒక పెద్దాయన బురదనేలలోంచి కోసిన టర్ఫ్ ముక్కల్ని నాలుగైదు చొప్పున ఒకదానికొకటి ఆనించి నిలబెడుతున్నాడు. మన పిడకలంత నల్లటి మట్టి ఇటుకలు. గాలికి ఆరాక పొయ్యిలో మండిస్తారు.

“ఏ ఊరమ్మాయివి నువ్వు?” అన్నాడు.

ఇండియా అన్నాను. హైదరాబాద్ పక్కన అన్నాను. మహబూబ్‌నగర్ అంటే ఆయనకేం తెలుస్తుందని.

“ఈ దారి కథ తెలుసా నీకు?”

చెప్పాడు. అకిల్‌లో రాళ్లే తప్ప సాగు భూమి తక్కువ. ఏటా కుర్రాళ్లు, ఆడపిల్లలు గుంపులుగా స్కాట్లండ్ వెళ్లి ఆలుగడ్డలు తవ్వేవాళ్లు. గుంపుకొక మేస్త్రీ. 1894 జూన్‌లో అలా స్టీమర్ అందుకోవడానికి పడవలో వస్తూ వెస్ట్‌పోర్ట్ రేవు దగ్గర, స్టీమర్‌ను చూద్దామని అందరూ ఒకే పక్కకు రావడంతో పడవ బోల్తా పడింది. 32 మంది పోయారు. ఇంకా అధికారికంగా తెరవని రైలు లైను మీద వాళ్ల శవాలతో మొదటి బండి నడిచింది. 1937 సెప్టెంబరులో స్కాట్లండ్‌లోని కిర్కిన్‌టిల్లోక్‌లో వాళ్లు పడుకున్న పాక అంటుకుని పదిమంది అకిల్ కుర్రాళ్లు చనిపోయారు. అందరిలో చిన్నవాడికి 13 ఏళ్లు. లైను మూతపడుతున్న ఆ రోజుల్లో వాళ్లనూ రైల్లోనే తీసుకొచ్చారు. ఇనుప చక్రాల బండ్లు మొదటిసారీ చివరిసారీ శవాలనే మోస్తాయని ఎన్నో ఏళ్ల ముందే ఒకాయన జోస్యం చెప్పాడని ఇక్కడ చెప్పుకుంటారు.

ఆయన మళ్లీ పనిలోకి వంగాడు. నాకు వెంటనే పరిగెత్తాలనిపించలేదు. చాలా దూరం నడిచాను.

గుంపు, మేస్త్రీ, సీజను. ఈ మాటలు నేను చిన్నప్పట్నుంచీ విన్నవే. పాలమూరు లేబర్ లేకుండా దేశంలో ఒక్క డ్యామూ లేవలేదని మా వైపు అంటారు. మా తాత కూడా అడ్వాన్సు తీసుకుని అలా వెళ్లినవాడే.

మూడో రోజు మల్రానీ నుంచి అకిల్ సౌండ్ దాకా 13 కిలోమీటర్లు. ఒక పక్క బ్లాక్‌సాడ్ అఖాతం వైపు నుంచి చొచ్చుకొచ్చిన ఉప్పునీళ్లు, ఇంకో పక్క కొండవాలులో వీపు మీద నీలం, ఎరుపు రంగు గుర్తులేసిన గొర్రెలు. వంతెన దాటి దీవిలోకి అడుగుపెట్టాక ఆగుదామనుకున్నదాన్ని, దక్షిణానికి తిరిగి తీరం రోడ్డు పట్టుకుని కిల్డావ్‌నెట్ శ్మశానం దాకా వెళ్లాను. సన్నటి రోడ్డు. ఇలాంటి చోట ఎదురొచ్చే బండి కనబడేలా కుడివైపు పరిగెత్తాలి. ఎదురైన ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపి పలకరించాడు.

శ్మశానం నీళ్లకు ఆనుకునే ఉంది. 1894 వాళ్లూ 1937 వాళ్లూ ఇద్దరూ ఇక్కడే. ఆ పదిమందిలో ఒకే ఇంటి అన్నదమ్ములున్నారు. పేర్లన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను. తర్వాత గోడ మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను.

“తాత ఏ ప్రాజెక్టులకు వెళ్లేవాడు నాన్నా?”

“ఒక్కటా బిడ్డా? నాగార్జునసాగర్ పోయిండు. శ్రీశైలం పోయిండు. తర్వాత మహారాష్ట్రల ఏదో కాలువ. దాని పేరు నాకు ఎర్కలే.” కాసేపాగి అన్నాడు, “ఆ చప్పుడేంది?”

“గాలి నాన్నా. సముద్రం పక్కన ఉన్నా.”