బాబాయి బైబిల్లో కొలతలు

ఇవాళ బాబాయి జ్ఞాపకార్థ కూడికలో పాస్టర్ గారు "ఎవరైనా రెండు మాటలు చెప్తారా" అనగానే మైకు దగ్గర లైను కట్టేశారు. అందులో సగం మంది ఎవరో పిన్నికే తెలీదు!

తర్వాత పిన్ని ఆయన బైబిల్ నా చేతికిచ్చింది. వెనక అట్ట లోపల పెన్సిల్‌తో తలుపుల కొలతలు, పక్కనే ప్రార్థన చేయాల్సిన వాళ్ల పేర్లు. పిల్లల పరీక్ష తేదీలు కూడా. నా పేరు ఎదురుగా "ఉద్యోగం" అని రాసి టిక్కు పెట్టాడు. నాతో ఎప్పుడూ అనలేదు.

వడ్రంగి పని ముగించుకుని చొక్కా మీద రంపపు పొట్టుతోనే చర్చికి వచ్చేసేవాడు. ఎవరైనా నవ్వితే, "పౌలు డేరాలు కుట్టలేదా?" అనేవాడు. నిజమే, క్రీస్తు సువార్త చెప్పిన పౌలు ఆ పని కూడా చేసేవాడని బైబిల్లో, అపొస్తలుల కార్యములు 18లో ఉంది.

ఆరాధన అయ్యాక కబుర్లలో పడితే ఇక కదిలేవాడు కాదు. పిన్ని చెప్పులేసుకుని గేటు దగ్గర నుంచి కేకేయాల్సిందే. "వస్తున్నా" అంటూనే ఇంకొకరి భుజం మీద చెయ్యేసేవాడు.