గోడ మందం 13 మిల్లీమీటర్లు

ఇదంతా టర్మ్ ఇన్సూరెన్స్ కోసం తీయించుకున్న ఈసీజీతో మొదలైంది. టెక్నీషియన్ కాగితం చించుతూ, "సర్, మీకు కళ్ళు తిరుగుతుంటాయా?" అని అడిగాడు. పల్స్ 42. గుండె గోడ మందంగా ఉందేమో చూడాలని కూడా మెషీన్ అచ్చేసింది.

నాకు 43 ఏళ్ళు. ఆరేళ్ళుగా వారానికి అరవై, డెబ్బై కిలోమీటర్లు పరిగెడుతున్నాను. హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ మూడుసార్లు చేశాను. ఆగస్టు ఉక్కలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగి గచ్చిబౌలి స్టేడియం చేరినవాడికి గుండె జబ్బేమిటని నా ధీమా. మా రన్నింగ్ గ్రూపులో చెబితే, "42 ఆ? నాది 48. కొట్టేశావన్నా!" అని ఒకడు కుళ్ళుకున్నాడు కూడా. పల్స్ ఎంత తక్కువుంటే అంత ఫిట్ అని మా రన్నర్ల లెక్క.

కార్డియాలజిస్ట్ మాత్రం కుళ్ళుకోలేదు. ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, రాశారు. చీకటి గదిలో ఎడమవైపు తిరిగి పడుకున్నాను. ఛాతీ మీద చల్లటి జెల్ రాసి ప్రోబ్ నొక్కుతున్న అమ్మాయి ఒకే చోట కొలత తీసింది, చెరిపింది, మళ్ళీ తీసింది. ఏమీ మాట్లాడలేదు. అంత సేపు ఎవరూ మాట్లాడకపోతే మనకి ఏమేం తోస్తాయో చెప్పక్కర్లేదు.

ఎడమవైపు కింది గది గోడ 13 మిల్లీమీటర్లు. మామూలుగా 11 దాటకూడదట. డాక్టరు గారు కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పారు. ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి అయిదు లీటర్ల రక్తం పంపుతుంది, గట్టిగా పరిగెత్తేటప్పుడు అది ఇరవై లీటర్లు కూడా దాటుతుంది. ఏళ్ళ తరబడి ఇలా చేస్తే గది సాగుతుంది, గోడ కాస్త మందమవుతుంది. ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పోతుంది కాబట్టి తీరిగ్గా ఉన్నప్పుడు తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. దీన్ని అథ్లెట్స్ హార్ట్ అంటారు, జబ్బు కాదు. కానీ గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బు ఒకటుంది, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. క్రీడాకారులు ఆడుతూ ఆడుతూ కుప్పకూలడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 13 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ఇదా అదా అని వెంటనే చెప్పలేరు.

"మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఉన్నారా?" అని అడిగారు.

మా బాబాయి 38 ఏళ్ళకి పొలంలో పడిపోయాడు. వడదెబ్బ అన్నారు. పోస్ట్‌మార్టం లేదు, ఏమీ లేదు. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి బాబాయి గురించి గుచ్చి గుచ్చి అడిగాను. "ఇప్పుడెందుకురా అవన్నీ?" అంది. ఏం చెప్పను? ఆ జబ్బే అయితే పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం. పక్క గదిలో మా పాప నిద్రపోతోంది.

తర్వాత హోల్టర్, అంటే రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే టెస్ట్. ఛాతీకి వైర్లు అంటించి, నడుముకి డబ్బా కట్టి 24 గంటలు తిరగమన్నారు. ఏప్రిల్ ఎండ, స్నానం లేదు, అతికించిన చోటల్లా ఒకటే దురద. నిద్రలో పల్స్ 34కి దిగిందని రిపోర్టులో చూసి మా ఆవిడ రెండు రోజులు రాత్రుళ్ళు లేచి నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. బాగా పరిగెత్తేవాళ్ళకి అది మామూలేనని డాక్టరు గారు చెప్పాకే ఆమె పడుకుంది.

ఎమ్మారై కొంత ఊరటనిచ్చింది. కండరంలో మచ్చలేమీ లేవు. పైగా గది పెద్దదిగా ఉంది. ఆ జబ్బులో అయితే గది సాధారణంగా ఇరుకవుతుందట. అయినా డాక్టరు గారు వదల్లేదు. "మూడు నెలలు పరుగు ఆపండి. వ్యాయామం వల్ల వచ్చిన మందమైతే తగ్గుతుంది. జబ్బయితే తగ్గదు."

సూదులు, వైర్లు, సొరంగంలాంటి మెషీను, అన్నిటికంటే కష్టమైన టెస్ట్ ఇదే. పొద్దున నాలుగున్నరకి అలారం లేకుండానే మెలకువ వచ్చేది. బూట్ల వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. నాలుగు కిలోలు పెరిగాను. ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. గ్రూపు మెసేజీలు మ్యూట్‌లో పెట్టాను.

జులైలో మళ్ళీ ఎకో. అదే గది, అదే అమ్మాయి. ఈసారి నేనే అడిగేశాను. "11 వచ్చింది సర్," అంది. పల్స్ 56. పల్స్ పెరిగినందుకు సంతోషించిన రన్నర్‌ని నేనొక్కణ్ణేనేమో.

మళ్ళీ పరిగెత్తవచ్చన్నారు, కానీ చేతిలో మెడల్ పెట్టి పంపినట్టు కాదు. స్వీడన్‌లో వాసలోపెట్ అనే 90 కిలోమీటర్ల స్కీ రేసులో పాల్గొన్న యాభై వేల పైచిలుకు మంది మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చిందట. ఎక్కువ రేసులు చేసినవాళ్ళలో, వేగంగా ముగించినవాళ్ళలో గుండె లయ తప్పడం ఎక్కువగా కనిపించింది. అందుకని గుండె దడ వచ్చినా, పరిగెడుతూ కళ్ళు తిరిగినా ఆగి రమ్మన్నారు. ఏడాదికోసారి ఎకో తప్పదన్నారు.

మొదటిరోజు కేబీఆర్ పార్క్ బయట మూడు కిలోమీటర్లకే ఆయాసం వచ్చింది. ఈ ఏడాది ఫుల్ లేదు, హాఫ్ కూడా అనుమానమే. ఎకో రిపోర్టులు రెండూ ఒకే ఫైల్లో పెట్టి ఇన్సూరెన్స్ వాళ్ళకి పంపాను. ఇంకా పెండింగ్‌లోనే ఉంది.