పోల్ తగిలిన చప్పుడు

నా బండి ముందు బిగించిన పోల్ వంతెన గడ్డర్‌కు తగిలితే వచ్చే చప్పుడు పెద్దదేమీ కాదు. అద్దాలు ఎత్తేసి, పాటలు పెట్టుకుని కూర్చుంటే వినపడనే వినపడదు. ఫైబర్ గొట్టం కాబట్టి ఇనుముకు తగలగానే వెనక్కి వంగి, మళ్ళీ లేచి నిలబడుతుంది. ‘టక్’ మంటుంది, అంతే. ఆ ఒక్క చప్పుడు వినడానికే నన్ను లారీకి ముందు పంపిస్తారు.

నేను పైలట్ బండి నడుపుతాను. మామూలు లారీ కొలతల్లో పట్టని సరుకును మా లైన్లో ఓడీసీ లోడ్ అంటాం. ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్ డ్రమ్ములు, గాలిమర రెక్కలు, వంతెన గడ్డర్లు. ఇలాంటివి కదిలినప్పుడు ముందొక బండి, వెనకొక బండి ఉంటాయి. తొమ్మిదేళ్ళుగా నాది ముందు బండి. ఎత్తు లోడ్ అయితే బంపర్‌కు పోల్ బిగిస్తాను. లోడ్ ఎత్తుకన్నా దాన్ని 10 సెంటీమీటర్లు ఎక్కువ పెడతాను. పోల్ తగలకుండా దాటిన చోట లోడ్ కూడా దాటుతుంది. తగిలితే ఆ క్షణంలోనే వాకీటాకీలో చెప్పాలి.

కాగితం మీద రాసిన ఎత్తును నేను నమ్మను. సరుకు కట్టడం పూర్తయ్యాక, టైర్లలో గాలి చూశాక, బయలుదేరే ముందు టేపు పట్టుకుని నేనే కొలుస్తాను. కట్టిన గొలుసులు, పైన కప్పిన తార్పాలిన్ ముడి కూడా ఎత్తులోకే వస్తాయి. ఎవరైనా తొందర పెడితే పెట్టనిస్తాను. కొలిచాకే బండి ఎక్కుతాను.

రెండేళ్ళ కిందట ఒక ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్తున్నాం. లోడ్ ఎత్తు 5.10 మీటర్లు, పోల్ 5.20. దారిలో ఒక రైలు వంతెన కింద నుంచి వెళ్ళాలి. రెండు వారాల ముందు రూట్ సర్వేకి వెళ్ళినప్పుడు దాని కింద నేనే కొలిచాను, 5.28 వచ్చింది. బోర్డు మీద అంతకన్నా ఎక్కువే రాసి ఉంది కానీ బోర్డుతో నాకు పని లేదు. నా టేపు 5.28 అంది, రాసుకున్నాను, సరిపోతుంది అనుకున్నాను.

ఆ రెండు వారాల్లో ఆ రోడ్డుకు కొత్తగా తారు వేశారు. రెండు పొరలు. రోడ్డు 9 సెంటీమీటర్లు లేచింది. వంతెన ఎక్కడిదక్కడే ఉంది. 5.28 కాస్తా 5.19 అయింది. ముందురోజు నేను ఒక్కసారి ఆ దారిలో వెళ్ళి వచ్చి ఉంటే తెలిసేది. వెళ్ళలేదు. అది నా తప్పు.

వంతెన కిందికి నా బండి వెళ్ళింది. టక్ మంది.

‘ఆపన్నా, గడ్డర్ తగిలింది’ అన్నాను. లారీ ఆగింది. ఇంకా నూట యాభై మీటర్లకు పైగా దూరం మిగిలింది. దిగి కొలిచాం. లెక్క ప్రకారం లోడ్‌కీ గడ్డర్‌కీ మధ్య 9 సెంటీమీటర్ల సందు ఉంది కదా, వెళ్ళిపోవచ్చు కదా అని అక్కడ చేరినవాళ్ళలో ఒకరన్నారు. వెళ్ళకూడదు. ఆ వంతెన కింద రోడ్డు పల్లంలో ఉంది. మా ట్రైలర్‌కు ముందొక చక్రాల గుంపు, వెనకొక చక్రాల గుంపు, నడుమ ట్రాన్స్‌ఫార్మర్ వేలాడుతూ ఉంటుంది. ముందు చక్రాలు పల్లం దాటి ఎత్తు ఎక్కుతుంటాయి, వెనక చక్రాలు ఇంకా ఎత్తు దిగుతుంటాయి. నడుమ ఉన్న సరుకు పల్లంలోకి దిగదు, రెండు ఎత్తుల మధ్య నిలబడిపోతుంది. చదునైన నేల మీద కొలిచిన ఎత్తుకీ, ఇలాంటి పల్లంలో రోడ్డు నుంచి ఉండే ఎత్తుకీ తేడా వస్తుంది. ఆ తేడా 9 సెంటీమీటర్లను మింగేయగలదు.

చివరికి హైడ్రాలిక్ యాక్సిళ్ళలో నూనె వదిలి ట్రైలర్‌ను కిందికి దించారు. గడ్డర్‌కు రెండు వైపులా ఇద్దరం నిలబడి చేతులతో సైగలు చేస్తుంటే, మనిషి నడిచే వేగం కన్నా నెమ్మదిగా లోడ్ ఆ కింద నుంచి బయటికి వచ్చింది. గంటన్నర పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ రాత్రి బండి ఆపుకున్నాక డాష్‌కామ్ వీడియో పెట్టి చూశాను. టక్ మన్న చప్పుడు స్పష్టంగా ఉంది. ఆ తర్వాత నా గొంతు రావడానికి రెండు సెకన్లు పట్టింది. మళ్ళీ పెట్టి చూశాను. రెండు సెకన్లే. ఆ రెండు సెకన్లలో ఏమనుకున్నానో నాకు బాగా గుర్తుంది. కొమ్మేమో అనుకున్నాను. 5.28 కొలిచాను కదా, తగలదు కదా అనుకున్నాను. ఇంకోసారి తగిలితే చెబుదాం అనుకున్నాను.

మా లారీ డ్రైవరన్నకు ఆ వీడియో చూపించాను. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, మళ్ళీ పెట్టమన్నాడు, మళ్ళీ విన్నాడు.

‘రెండోసారి తగిలితే చెబుదామనుకున్నావా తమ్ముడూ?’ అన్నాడు.

‘అవునన్నా’ అన్నాను.

ఫోన్ నా చేతికిచ్చి వెళ్ళి పడుకున్నాడు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఈ పని చేసేవాళ్ళందరూ తెలుసుకోవాల్సిన ప్రమాదం ఒకటి ఉంది. 2013 మే 23న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఇంటర్‌స్టేట్ 5 రహదారి మీద స్కాగిట్ నది వంతెన ఒక భాగం నదిలోకి కూలిపోయింది. 1955లో కట్టిన ఉక్కు వంతెన. ఎత్తు లోడ్‌తో వెళ్తున్న ఒక లారీ పైన ఉన్న అడ్డుకడ్డీలకు తగిలింది. ఆ వంతెన పైభాగం ఒకే ఎత్తులో ఉండదు, విల్లులా వంగి ఉంటుంది. నడుమ ఎక్కువ, అంచున తక్కువ. ఆ లారీ కుడి లేన్‌లో ఉంది. ఎడమ లేన్‌లో వెళ్ళి ఉంటే తగిలేది కాదు. వంతెన మీద ఉన్న రెండు బండ్లు నీళ్ళలో పడ్డాయి. ముగ్గురు ప్రాణాలతో బయటపడ్డారు.

దాని ముందు పైలట్ బండి ఉంది. పోల్ కూడా ఉంది, అదీ లోడ్‌కన్నా ఎత్తుగానే పెట్టారు. పోల్ వంతెనకు చాలాసార్లు తగలడం చూశానని ఒక ప్రత్యక్ష సాక్షి చెప్పారు. తగలలేదని పైలట్ చెప్పారు. అప్పుడు ఆ పైలట్ చేతులు వాడకుండా మాట్లాడే ఫోన్‌లో మాట్లాడుతున్నారని దర్యాప్తులో తేలింది. లారీకీ పైలట్ బండికీ మధ్య చాలినంత దూరం లేదనీ, దారిని ముందే సరిగా చూసుకోలేదనీ కూడా తేల్చారు.

ఇది చదివిన మొదటిసారి ఆ పైలట్ మీద నాకు కోపం వచ్చింది. నా రెండు సెకన్ల వీడియో చూసుకున్నాక మళ్ళీ చదివాను, ఆ కోపం రాలేదు. ఆ రోజు నుంచి లోడ్ కదిలాక నా ఫోన్ వెనక సీటు మీద సంచిలో ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పేశాను, లోడ్ ఆగాకే చేస్తానని. మొదట్లో బాధపడ్డారు. ఇప్పుడు వాళ్ళే ‘ఆగిందా?’ అని అడిగి మాట్లాడతారు.

దూరం గురించి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే తప్పు చేస్తారు. లారీ అద్దంలో కనపడుతూ ఉంటే ధైర్యంగా ఉంటుంది, అందుకని దగ్గరగా ఉండిపోతారు. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. నేను చూడాలి, చెప్పాలి. డ్రైవర్ వినాలి, అర్థం చేసుకోవాలి, బ్రేక్ తొక్కాలి. వందల టన్నుల బరువు బ్రేక్ తొక్కగానే ఆగదు, గట్టిగా తొక్కితే కట్టిన సరుకు కదులుతుంది. నేను 60 మీటర్ల ముందు ఉంటే ఐదారు సెకన్లే ఉంటాయి. 300 మీటర్లు ఉంటే 27 సెకన్లు ఉంటాయి. ట్రాఫిక్ ఎక్కువున్న చోట అంత దూరం ఉంచలేం, మధ్యలోకి బండ్లు దూరతాయి. అలాంటప్పుడు దూరం తగ్గిస్తాం, దానికి తగ్గట్టు వేగం ఇంకా తగ్గిస్తాం. వేగం తగ్గించకుండా దూరం తగ్గిస్తే ఇక నేను ముందు ఉన్నా లేనట్టే.

వాకీటాకీలో మాట ఎలా ఉండాలో నాకు నేర్పింది ఆ అన్నే. ‘ఇక్కడ’, ‘అక్కడ’, ‘చూసుకో’ అనే మాటలు ఆయన దగ్గర పనికిరావు. నేను ‘ఇక్కడ గుంత ఉందన్నా’ అంటే, నా ‘ఇక్కడ’ ఆయనకు ఎక్కడో ఎలా తెలుస్తుంది? ముందు వస్తువు, తర్వాత పక్క, తర్వాత గుర్తు. ‘గుంత, ఎడమ, పచ్చ బోర్డు దాటగానే.’ ‘ఎదురు బస్సు, నడిమి గీత మీద.’ ‘ఆగిన ట్రాక్టర్, ఎడమ, లైట్లు లేవు.’ ఆయన విన్నదాన్ని తిరిగి చెబుతాడు. చెప్పకపోతే వినలేదని లెక్క, నేను మళ్ళీ చెబుతాను.

తీగల సంగతి వేరు. కరెంటు తీగ మధ్యాహ్నం ఎండకు వేడెక్కి సాగి కిందికి దిగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు సర్వే చేసి, మర్నాడు నడి మధ్యాహ్నం లోడ్ తీసుకెళ్తే రాసుకున్న ఎత్తు అక్కడ ఉండదు. పైగా ప్రమాదం జరగడానికి కరెంటు తీగకు తగలాల్సిన పని లేదు, చాలినంత దగ్గరికి వెళ్తే చాలు. అందుకని తీగల దగ్గర పోల్‌ను నమ్ముకోవడం కాదు, లైన్‌మ్యాన్ వచ్చి సరఫరా ఆపాడని ఆయన నోటితో వినాలి. ఎన్నోసార్లు గంటలకొద్దీ కూర్చున్నాం. కూర్చోవడంలో నష్టం లేదు.

గాలిమర రెక్కల్లో బరువు సమస్య కాదు, పొడవు సమస్య. 60, 70 మీటర్ల రెక్క మలుపు తిరుగుతుంటే వెనక చక్రాలను తిప్పడానికి ఒక మనిషి రిమోట్ పట్టుకుని పక్కనే నడుస్తాడు. లారీ కుడికి తిరిగితే రెక్క కొస ఎడమకు ఊడ్చుకుంటూ పోతుంది. చూడటానికి వచ్చినవాళ్ళు సరిగ్గా అక్కడే నిలబడతారు, ఫోన్లు పైకెత్తి. ముందు భాగం వాళ్ళకు దూరంగా జరుగుతుంది కాబట్టి భయం వేయదు, వెనక నుంచి కొస వస్తోందని తెలియదు. అక్కడ నేను బండి దిగి నడుస్తాను. పిల్లలుంటే ముందు పిల్లల్ని పంపిస్తాను. పెద్దవాళ్ళతో ‘అమ్మా, బాబూ, ఆ గోడ వెనక్కి వెళ్ళండి, అక్కడి నుంచి ఇంకా బాగా కనపడుతుంది’ అంటాను. అది నిజమే, అక్కడి నుంచి మొత్తం రెక్క కనపడుతుంది. కసిరితే మనుషులు కదలరు, ఎక్కడ నిలబడాలో చెబితే కదులుతారు.

బరువు లోడ్‌తో వంతెన ఎక్కేటప్పుడు రెండు వైపులా బండ్లను ఆపేస్తాం. లారీ ఒక్కటే, సరిగ్గా నడుమ, నడక వేగంలో, బ్రేక్ తొక్కకుండా దాటాలి. ఆ కొన్ని నిమిషాలు వాకీటాకీలో ఎవరూ మాట్లాడం. వెనక ఆగినవాళ్ళు హారన్ కొడతారు. నాకు వాళ్ళ మీద కోపం లేదు, వాళ్ళకూ పనులుంటాయి. అవతలి ఒడ్డున వెనక చక్రాలు నేల మీదికి వచ్చాక అన్న ఒక్క మాట అంటాడు, ‘దాటాం’ అని.

ఈ పని నెమ్మది గురించి ఎవరైనా అడిగితే ఇస్రోకు వెళ్ళిన ఆటోక్లేవ్ సంగతి చెబుతాను. లోపల పెట్టిన వస్తువులకు వేడి, ఒత్తిడి ఇచ్చే 70 టన్నుల పైచిలుకు యంత్రం, 74 చక్రాల బండి మీద 2019 జులైలో నాసిక్ నుంచి బయలుదేరి 2020 జులైలో తిరువనంతపురం చేరింది. ఏడాది. ఆ బండి ముందు నడిచినవాళ్ళు ఎన్ని కొమ్మలు కొట్టించి, ఎన్ని తీగలు ఎత్తించి ఉంటారో అని ఆలోచిస్తాను. వాళ్ళెవరూ నాకు తెలియదు. ఒక్కసారి కలిసి దారి గురించి అడగాలని ఉంది.

నిన్న బాయిలర్ డ్రమ్‌తో వెళ్తున్నాం, చీకటి పడుతోంది. రోడ్డుకు రెండు వైపులా పెద్ద చెట్లు. టక్ మంది. ‘ఆపన్నా’ అన్నాను, ఏమిటో చూడకముందే. వెనక లారీ, దాని వెనక రెండో పైలట్ బండి, వాటి వెనక ఎంత దూరమో తెలియని వరుస, అన్నీ ఆగాయి. టార్చి తీసుకుని దిగి చూశాను. వేలు లావు ఎండుకొమ్మ, విరిగి వేలాడుతోంది. కర్రతో లాగి పడేశాను.

‘ఎండుకొమ్మన్నా, తీసేశాను’ అన్నాను.

‘ఎండుకొమ్మ, తీసేశావు’ అని తిరిగి చెప్పాడు. కాసేపాగి, ‘మంచిది తమ్ముడూ, పద’ అన్నాడు. గేర్ పడిన చప్పుడు వాకీటాకీలో వినపడింది.