మిర్చియార్డు నుంచి మొదలుపెట్టండి

మన బడి పిల్లలు కొందరు డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీలోకి వస్తామంటున్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలు. దేశాలు తిరగనక్కర్లేదు, గుంటూరు మిర్చియార్డు చాలు.

సీజన్లో అక్కడ లెన్సు మార్చకండి. కారపు దుమ్ము కెమెరా లోపల బొమ్మ పట్టే సెన్సార్ మీద వాలితే ప్రతి ఫొటోలోనూ మచ్చే. ఒకటే కెమెరా ఉంటే 35 ఎంఎం లెన్సు పెట్టుకుని మీరే దగ్గరికి నడవండి. బ్లోయర్‌తో ఊదకుండా గుడ్డ వేస్తే లెన్సు పూత గీసుకుపోతుంది. ఆ చేతులతో కళ్లు నులుముకోవద్దని గుంటూరు వాళ్లకి వేరే చెప్పాలా!

అసలు చిక్కు ఎరుపుతోనే. మామూలు హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగునీడలు చూపే గ్రాఫు, బాగానే ఉంటుంది, ఈలోపు రెడ్ ఛానెల్, అంటే ఎరుపు పాలు, నిండిపోయి కాయలన్నీ ఒకే ముద్దయిపోతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసి, ఎక్స్‌పోజర్‌ని (లోపలికి వచ్చే వెలుగుని) స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది), సెన్సార్ పట్టిందంతా దాచే రా ఫైలులో తీయండి. రంగుల్ని తనే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఎరుపుని తగ్గించబోయి తొడిమలు తీసే ఆడవాళ్ల మొహాలకి నీలం పులుముతుంది. ఎండలో అయితే వైట్ బ్యాలెన్స్‌ని డేలైట్ మీదే ఉంచండి.

అనుమతి మేస్త్రీ ఎదుట అడిగితే ఎవరైనా తలూపుతారు. ఆయన లేనప్పుడు, "అక్కా, ఇది పేపర్లో వస్తే ఇబ్బందా?" అని మళ్లీ అడగాలి. అమెరికా ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 1971లో జపాన్‌లోని మినమాటా వెళ్లి, పాదరసం విషం బాధితుల మధ్య మూడేళ్లు కాపురమున్నాడు. అంతటివాడి ప్రసిద్ధ చిత్రాన్నే తర్వాత అందులో ఉన్నవాళ్ల కుటుంబం మనసు తెలిసి ప్రచురణ నుంచి తప్పించారు. పేరు, ఊరు, తేదీ, పని ఆ రాత్రే రాసుకోండి. క్యాప్షన్ లేని ఫొటో నా దృష్టిలో సగం పనే.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు పడవల ఫొటోలకి కొదవలేదు. నీళ్లు దిగాక గోడల మీద మిగిలే బురద గీత సంగతి వేరు. సున్నం వేస్తే అదీ పోతుంది. అలాంటి గోడని ఏటా తీయాలంటే నిలబడ్డ చోటు, కెమెరా ఎత్తు, లెన్సు, టైము రాసి పెట్టుకోవాలి. రెండడుగులు పక్కకి జరిగినా ముందున్న స్తంభానికీ గోడకీ ఎడం మారిపోయి పోలిక చెడుతుంది.

ఇలాంటి పని తిండి పెట్టదు. స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికలకి తీసే ఫొటోలు పెడతాయి. అక్కడో మెలిక ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. హక్కు మీదేనని పని మొదలుకాక ముందే ఒక్క వాక్యం రాయించుకోండి. మొహమాటపడితే, రేపు మీ ప్రదర్శనలో మీ ఫొటో పెట్టడానికి వాళ్లనే బతిమాలుకోవాలి.